నాలుగు వేల దగ్గర గొయ్యి

దొండపర్తిలో రెండో అంతస్తు, మా స్టూడియో.
కిటికీకి రెండు బొంతలు, తలుపు సందుల్లో కొబ్బరిపీచు.
అయినా రైలు లోపలికొస్తుంది,
చెవిలోంచి కాదు, అరికాల్లోంచి.
మైకుకీ అరికాళ్ళుంటాయి.

అందుకే ముందుగా
ఎనభై హెర్ట్జ్ దగ్గర ఒక గట్టు వేస్తాను.
గోడలా నిటారుగా కడితే గొంతు బెదురుతుంది,
రుషికొండ ఇసుకలా వాలుగా దిగాలి.
గట్టు కింద మునిగిపోతాయి
రైలు, జనరేటరు,
పోర్టులో ఓడ విడిచే పొడుగాటి నిట్టూర్పు.

ఆ వేళ పెదజాలారిపేట నుంచి
మైలపల్లి నూకరత్నం వచ్చింది,
చేపల కేక రికార్డు చేద్దామని పిలిస్తే.
"తట్ట నేకపోతే కేక రాదు బావూ" అంది.
పాత క్యాసెట్ల అట్టపెట్టె నెత్తికెత్తాం.
మెడ నిలిచింది, కేక లేచింది:
కానాగంతలో... కవళ్ళో...
మీటరు ముల్లు ఎర్రగీత దాటి
సిగ్గుపడి వెనక్కొచ్చింది.

మూడొందల దగ్గర కొంచెం తీశాను.
అక్కడ ప్రతి గొంతుకీ ఒక చెమ్మగది ఉంటుంది,
తలుపు ఓరగా తీస్తే చాలు.
ఏడువేల దగ్గర ఇసుక రాలుతుంటే
వేలితో అదిమాను.
ఆపైన, నాలుగు వేల దగ్గర
ఆరు డెసిబెల్స్ ఎత్తాను.
అప్పుడుగాని ఆ కేక
వీధి చివరి నుంచి నా దాకా రాలేదు.

షహనాజ్ హెడ్‌ఫోన్స్ తీసేసింది.
"సార్, గుచ్చుతోంది."

ఇరవై రెండేళ్ళు షిప్‌యార్డులో తుప్పు కొట్టాను.
పగలు ఓడ కడుపులో సుత్తి, చెవుల్లో దూది,
సాయంత్రం పెళ్ళిళ్ళకి మైక్‌సెట్టు.
కేజీహెచ్‌లో నా వినికిడి గీశారు.
గీత బీచ్ రోడ్డులా సాఫీగా పోయి పోయి
నాలుగు వేల దగ్గర గోతిలో పడి
అవతల మళ్ళీ తేలింది.
పూడదు అన్నాడు డాక్టరు,
అప్పటికే ఇంకో చీటీ పిలుస్తూ.

ఇన్నాళ్ళూ
ఎవరి గొంతులోంచో మట్టి ఎత్తి
నా గొయ్యి పూడ్చుకుంటున్నాను.

నూకరత్నం విని మొహం ముడిచింది.
"ఇదేటి బావూ, నాను ఏడ నిలబడి అరుస్తన్నాను?
కాళ్ళకింద నేల నేదు."
గట్టుని ఎనభై నుంచి నలభైకి దించాను.
అడుగున ఏదో కదిలింది.
రైలో, సముద్రమో,
ఆమె మడమలు చెక్కమీద మోపిన బరువో.
"ఆ. ఇప్పుడు నిలబడ్డాను."
డబ్బులు లెక్కపెట్టుకుని, ఆటో ఛార్జీ విడిగా అడిగి
దిగి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే తెరిచి చూశాను.
నాలుగు వేల దగ్గర నేను ఎత్తిన కొండ
రాత్రికి రాత్రే సున్నాకి దిగి ఉంది.
షహనాజ్ టీ కలుపుతోంది, ఇటు చూడకుండా.
నేనూ అడగలేదు.

ప్లే నొక్కాను.
నాకు కేక సగమే వచ్చింది.
స్పీకరు పక్కన పడుకున్న మేడమీది పిల్లి
కవళ్ళో... దగ్గర
చెవులు రిక్కించి లేచి
తలుపు వైపు నడిచింది.