రెండు మిల్లీమీటర్లు

బాల్టిక్ గాలికి ఆవరణలో జెండా తాడు
స్తంభానికి కొట్టుకుంటోంది, టక్, టక్.
లోపల మేం దీపాలన్నీ ఆర్పేశాం.
తలుపు కింది సందులో గుడ్డ కుక్కింది వీబ్కె.
అత్యవసర ద్వారం మీద పరుగెత్తే పచ్చబొమ్మకు
తన కోటు కప్పింది. నిబంధనల ప్రకారం నేరమే.

ఈ రాత్రి మంట లేదు.
బడిపిల్లలు వచ్చినప్పుడు మేం ఊరించి చెప్పే
కోట్ల డిగ్రీలేమీ లేవు.
గాలి తోడేసిన ఖాళీ గుల్ల,
దాని చుట్టూ చలికి బిగుసుకున్న నలభై తీగచుట్టలు,
పిండి పక్కన పడేసిన తడిబట్టల్లా
దేని మెలిక దానిదే.
వంకర అన్న మాట ఎక్కడైనా తిట్టే.
ఇక్కడ మాత్రం పదేళ్ల లెక్క.

వాటిని క్రేన్ కింద నిలబెట్టినవాడు హెన్నింగ్.
లేజర్‌తో కొలిచి, జరిపి, మళ్లీ కొలిచి,
వేళ్లు పగిలితే చేపనూనె రాసుకుని
పదమూడు చలికాలాలు.
ఒక శుక్రవారం ఇరవైమూడో చుట్ట దగ్గర ఆగిపోయాడు.
"రెండు మిల్లీమీటర్లు బయటికుంది."
డాక్టర్ లోరెంట్స్ కాగితం తిరగేశాడు.
"హద్దులోనే ఉందిగా?"
హద్దులోనే ఉంది. హెన్నింగ్ సంతకం పెట్టాడు.
పెట్టి, జేబులోని నల్ల పుస్తకంలో
ఇంకేదో రాసుకున్నాడు. నాకు చూపించలేదు.

ఇప్పుడు చీకట్లోకి
ఎలక్ట్రాన్ల సన్నపోగు ఒకటి వదిలాం.
అయస్కాంతం చూపిన దారమ్మట
గుల్లంతా చుట్టి వస్తుంది.
బయల్దేరిన చోటికి మాత్రం రాదు, కాస్త పక్కకి.
మళ్లీ వెళ్లి, ఇంకాస్త పక్కకి.
పూత పూసిన కడ్డీ నెమ్మదిగా ఊగుతుంటే
పోగు తగిలిన చోటల్లా ఒక పచ్చచుక్క.
చుక్కలు పెట్టేదెవరో, కలిపేదెవరో,
కెమెరా రెప్ప వేయకుండా చూస్తోంది.
ఒక వలయం. దాని లోపల ఇంకొకటి,
అడ్డంగా కోసిన ఉల్లిపాయలా.
వీబ్కె ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది.

అంచుకొచ్చేసరికి గీత చీలింది.
చీలి, మళ్లీ కలిసి,
మధ్యలో చిన్న కన్ను తెరిచింది.
ఉండకూడని చోట ఓ దీవి.

మూడు రాత్రులు లెక్కలు వేశాం.
అన్నీ ఒకే మూలకి వేలు చూపించాయి. ఇరవైమూడు.

హెన్నింగ్ రేవులో వల బాగుచేసుకుంటున్నాడు.
ఫొటో ఇస్తే చేతులు తుడుచుకుని
కళ్లజోడు వెతుక్కుని చాలాసేపు చూశాడు.
ఆ కన్ను మీద బొటనవేలు ఆనించాడు.
నేనప్పుడే చెప్పానని అనలేదు.
లోపలికెళ్లి నల్ల పుస్తకం తెచ్చాడు:
"ఇరవైమూడు. కాగితానికి కుదిరింది. కంటికి కుదరలేదు."

"మళ్లీ విప్పుతారా?"
లేదన్నాను. బయట ఐదు చుట్టలున్నాయి,
చదునైనవి, ఏ మెలికా లేనివి,
వాటిలోకి కాస్త కరెంటు వదిలితే మూసుకుంటుంది.
అప్పుడు నవ్వాడు, పళ్లన్నీ కనిపించేలా.
"వంకరవాళ్లు చేసిన తప్పుని
తిన్ననివాళ్లు దిద్దుతారన్నమాట. భలే."

శనివారం మళ్లీ దీపాలార్పాం. గుడ్డ, కోటు.
కన్ను మూసుకుంది. పూర్తిగా కాదు,
దగ్గరికెళ్లి చూస్తే వెంట్రుకంత సందుంది.
దిద్దిన ఫొటో తీసుకెళ్తే హెన్నింగ్ వద్దన్నాడు.
పాతదాన్నే గాలాల పెట్టె మూతకి
లోపలివైపు అంటించుకున్నాడు.

మార్చిలో మొదటి మంట వెలిగే రోజున
రమ్మని కబురు పెట్టాం.
అర సెకను వెలిగింది.
హెర్రింగ్ చేపలు పడుతున్నాయి, రాలేనన్నాడు.