ముప్పై ఏడో నంబరు

గుంతకల్లులో, పార్సెల్ ఆఫీసు ఎదురు సందులో
హొన్నూర్‌వలి టీవీ గేముల అంగడి.
అరగంటకు రెండు రూపాయలు.
పసుప్పచ్చ క్యాసెట్టు మీద
తొమ్మిదొందల తొంభైతొమ్మిది ఆటలని రాసుండేది.
నిజానికి నలభై రెండే,
మిగిలినవి పేరు మార్చుకుని మళ్ళీ వచ్చేవి.

అందులో ముప్పై ఏడోది నా ఆట.
పేరు ఏ భాషలో ఉందో ఎవరికీ తెలీదు.
నెత్తిన ఏదో మోస్తూ పోయే పొట్టి బొమ్మ.
అది జాడీనో, బాంబో,
మేము మాత్రం బిందె అన్నాం.
మా వీధిలో నెత్తి మీద ఇంకేముంటుంది?

"అదేం ఆటప్పా, మీట నొక్కితే
ఆలోచన చేసి ఎగుర్తాడు వాడు"
అనేవాడు పెన్నోబులేసు.
"తుపాకి లేదు, తొక్కితే చచ్చే పురుగు లేదు.
పీకెయ్, కార్లది పెట్టు."

మొన్న వాడి కూతురి చెవులు కుట్టే ఫంక్షన్లో
వక్కాకు నములుతూ మళ్ళీ అదే మాట:
"నీ బిందెగాడు కిందికి దిగినాడా ఉలిగమ్మా,
ఇంకా గాల్లోనే ఉన్నాడా?"
అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా.
ఇంటికొచ్చినాక నిద్ర పట్టలేదు.

ఓబులేసూ, విను.
మీట నొక్కినాక వాడు లేవడానికి పట్టే ఆ రెప్పపాటు
తప్పు కాదు, బరువు.
నిండు బిందెతో మురుక్కాలవ దాటినదాన్ని, నాకు తెలుసు.
ముందు మోకాలు అడుగుతుంది,
మెడ ఒప్పుకోవాల,
ఆ తర్వాతే కాలు.
నువ్వు సైకిలుకు రెండు క్యాన్లు కట్టేవాడివి.
సరే, అదీ మోయడమే.
కానీ నీ మెడకు తెలీదు.

ఎగిరినప్పుడల్లా నాలుగు నీలం చుక్కలు చిందేవి, చూసినావా?
టుప్పుమని చప్పుడు.
పైన మూలలో నీళ్ళ గీత ఒక గడి తగ్గేది.
దూకగలిగిన చోటల్లా దూకకూడదు ఆ ఆటలో,
చుట్టూ తిరిగి పోయే మెట్లున్నాయి.
ఎవరూ చూడలేదు,
అరగంటే కదా, అందరికీ తొందరే.

ఆరో దాంట్లో ఎండిన బావి.
దిగుతానే సంగీతం ఆగిపోతుంది.
చెడిపోయిందని హొన్నూర్‌వలి
క్యాసెట్టు తీసి ఊది ఊది పెట్టేవాడు.
చెడిపోలేదు.
ఎండిన బావిలో పాటెవరు పాడతారు?

లోపాలు లేవని నేననను.
నాలుగో దాంట్లో కాకి గోడలో సగం ఇరుక్కుని
ఒకే రెక్క ఆడిస్తుండేది.
ఎనిమిదో దాంట్లో తలుపు
బుద్ధి పుడితేనే తెరుచుకునేది.
నేను తొమ్మిది దాటలేదు.
ఒకసారి కరెంటు పోయింది,
ఒకసారి ట్యాంకరొచ్చిందని మా చిన్నమ్మ కేక.
వరసలో నిజం బిందెతో నిలబడి
బొటనవేళ్ళు ఆడిస్తుంటే
వెనకామె నన్ను విచిత్రంగా చూసింది.
ఆఖరిసారి పోతే అంగడే లేదు,
అక్కడ రీచార్జి కార్డులు అమ్ముతున్నారు.

ఇప్పుడు లోకో షెడ్డులో నా పని.
రాత్రి డ్యూటీలో ఫోన్లో వెతుకుతా.
పాత ఆటలన్నీ కొత్త బట్టలు కట్టుకుని వస్తాండాయి,
కార్లది మూడుసార్లొచ్చింది.
ముప్పై ఏడు రాలేదు.

చేసినవాళ్ళెవరో, ఏ దేశమో,
ఉన్నారో లేరో.
ఉండి మళ్ళీ చేస్తే
వాడిని తేలిక చెయ్యొద్దు.
పక్షిలా ఎగిరించొద్దు.
బావిలోకి వాయిద్యాలు తేవద్దు.
కాకిని గోడలోంచి తీయొద్దు, నాకు అలవాటైపోయింది,
కావాలంటే రెండో రెక్క ఇవ్వండి.

కొత్తగా ఒక్కటి అడుగుతా,
పదో దాంట్లోనైనా,
బిందె దించే మీట.
దించి, చుట్టకుదురు దులిపి,
మెడ అటూ ఇటూ తిప్పి
కాసేపు ఊరికే కూచుంటాడు.
నీళ్ళ గీత ఎటూ కదలదు.

రెండో రిమోటు ఓబులేసుకిస్తా.
వాడు ఎగిరే మీటే నొక్కి నొక్కి
"లేవడేందిరా వీడు" అని తిడతాడు.
తిట్టనీ.
రెండు రూపాయలు నేనిస్తా.