సుద్దముక్క చప్పుడు

మా రంగమణి పెద్దమ్మ
బోర్డు మీద ఏది గీసినా పైకి చెప్తూ గీసేది.
"ఇదిగో, గీత. ఎడమ నుంచి కుడికి. ఇక్కడ ఆగింది."
కళ్లున్న మాకు ఎందుకీ చాదస్తమని
వెనక బెంచీలో నవ్వుకునేవాళ్లం.

ఆమె చదివిన రోజుల్లో
గదికి అడ్డంగా ముదురాకుపచ్చ పరదా.
అటు నలభైమంది అబ్బాయిలు, మాస్టారు, బోర్డు, కిటికీలన్నీ.
ఇటు ముగ్గురు.
ఈమె, బిల్ఖీస్, సుల్తాన్ బజార్ మరాఠీ పిల్ల ద్వారక.
ఒక బెంచీ, ఒక కూజా.

ఇంట్లో తెలుగు, పుస్తకంలో ఉర్దూ.
త్రిభుజం పేరు ముసల్లస్.
ఆ మాటను చాదర్‌ఘాట్ వంతెన దాటేలోగా
టాంగా కుదుపులకు తాళం వేస్తూ నూరుసార్లు అనుకునేదట.
టాంగాకీ పరదాయే.
మూసీ వాసనొస్తే వంతెన,
వేయించిన శనగల వాసనొస్తే కోఠీ,
గుర్రం దానంతటదే ఆగితే కాలేజీ.

బోర్డు కనపడదు. సుద్దముక్క వినపడుతుంది.
గీతకు ఒకటే సాగుడు.
సున్నాకు చివర్లో చిన్న తడబాటు,
బయల్దేరిన చోటు వెతుక్కుంటున్నట్టు.
తుడుపుగుడ్డ చప్పుడైతే మాస్టారు తప్పు చేశాడన్నమాట!
ముగ్గురూ కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్లట.

ఓసారి బిల్ఖీస్ జడపిన్నుతో
పరదాకు పెసరగింజంత కంత పెట్టింది.
వంతులవారీగా ఒక్కో కన్ను.
పెద్దమ్మకు బోర్డు కంటె ముందు
మాస్టారి మోచేతి దగ్గర చిరుగు కనపడిందట.
"అంత పెద్ద గొంతు ఈ షేర్వానీదేనా!"

నాలుగో రోజు పట్టుబడ్డారు.
సూదీ దారం ఇచ్చి మీరే కుట్టమన్నారు.
పెద్దమ్మ కుట్టింది.
పొడుగు కుట్టు, వదులు ముడి,
వేలితో లాగితే ఊడొచ్చేటట్టు.
వాళ్లమ్మ నేర్పిన కుట్టుపని
అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే.

రెండో ఏడు ద్వారక రాలేదు.
ఎందుకని మాస్టారు అడగలేదు, హాజరు పిలవడం మానేశాడంతే.
బెంచీ చివర జానెడు చోటు మిగిలింది.
దాన్లోకి ఎవరూ జరగలేదు.

మేం చదివింది అదే గదిలో.
పరదా పోయి ఇరవయ్యేళ్లు.
ఇత్తడి కడ్డీ మాత్రం పైన అట్లాగే ఉండేది,
నాలుగు రింగులతో.
గాలొస్తే టింగుమనేవి.
ఆ చప్పుడైనప్పుడల్లా పెద్దమ్మ సుద్దముక్క ఆపి,
మా తలల మీదుగా, వెనక గోడ వైపు,
ఇంకాస్త గట్టిగా చెప్పేది:

"ముసల్లస్. త్రిభుజం.
మూడు గీతలూ కలిసినై.
ఇనొస్తుందా?"