ఒక్క పన్ను

షౌలై ఊరి చివర నలభై ఇనుప తలుపుల వరస.
పదిహేడో గరాజు నాది.
ఇంకో తాళంచెవి వీతేనిస్ దగ్గర ఉంటుంది,
ఎందుకని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

సర్వీసు పుస్తకంలో బెల్టు మార్చిన ఏడాది మీద
ఎవరో కాఫీ ఒలకబోశారు.
చివరి అంకె ఏడో, ఒకటో.
ఏడే అనుకుని
రెండు చలికాలాలు ఆసుపత్రి రాత్రి డ్యూటీలకు తిరిగాను.
వర్క్‌షాపువాడు చెప్పిన ధరకు
ఇలాంటి ఓపెల్ సగం వస్తుంది.

అందుకే ఈ శనివారం
బ్యాటరీ తీగ ఊడదీసి, కుడి చక్రం ఊడదీసి,
అట్టముక్క మీద మోకాళ్ళూని కూర్చున్నాను.
వీతేనిస్ బంగాళాదుంపల డబ్బా బోర్లించి
దాని మీద కూర్చున్నాడు.
రెంచి ముట్టుకోనని ముందే చెప్పేశాడు.

కింది బోల్టు మొండికేసింది.
ఇనుప గొట్టం తొడిగి పళ్ళబిగువున లాగాను.
టక్‌మంది.
విరిగింది బోల్టో నా మణికట్టో
ఒక క్షణం తెలీలేదు.
రెండూ కాదు, తుప్పు.

కవరు తీస్తే బెల్టు.
పళ్ళుండీ కరవనిది,
పైకి నున్నగా, మర్యాదగా.
వెనక్కి మెలితిప్పి చూద్దును గదా
పంటికీ పంటికీ నడుమ బీటలు,
డిసెంబరు రాత్రి బయట పడుకున్నవాళ్ళను
మా వార్డుకు తెచ్చినప్పుడు వాళ్ళ పెదవులు ఉండేలా.

"ఇది తెగితే?"
"వాల్వులు పిస్టన్లను తాకుతాయి" అన్నాడు.
"ఇన్నేళ్ళూ వెంట్రుకవాసిలో తప్పుకుంటూ బతికాయి.
తాకేది ఒక్కసారే."

కవరు లోపలి వైపు
తెల్ల రంగుతో ఎవరిదో చేతిరాత:
ఒక తేదీ.
ఒకటే. ఏడు కాదు.
దాని కింద:
మూడో బోల్టు మెల్లగా, మర అరిగింది, క్షమించు.

ఎవరిని క్షమించమన్నాడో!
ఈ కవరు విప్పేది నేనేనని
అతనికెలా తెలుస్తుంది?
అయినా సరేనన్నాను, పైకే.
వీతేనిస్ తలెత్తి చూసి మళ్ళీ సిగరెట్టులోకి వెళ్ళిపోయాడు.

గుర్తులు కలిపి, గోళ్ళరంగుతో చుక్కలు పెట్టి
కొత్త బెల్టు తొడిగాను.
ఇక చేత్తో రెండు చుట్లు.
ప్లగ్గులు తీసిన ఇంజను
నా భుజం బలంతో తిరుగుతూ
నిద్రలో మనిషిలా ఊపిరి వదిలింది.

కింది గుర్తు కుదిరింది.
పైది ఒక్క పన్ను పక్కకు జరిగింది.

పది దాటింది. వేళ్ళు నావి కావు.
"ఒక్క పన్నే కదా, నడవదా?"
"నడుస్తుంది" అన్నాడు.
"కొంచెం ఎక్కువ తాగుతుంది, కొంచెం తక్కువ లాగుతుంది.
కారు నీకేం చెప్పదు.
నువ్వే అలవాటు పడిపోతావు."

తెగుతుందన్నప్పుడు కలగని భయం
ఆ అలవాటన్న మాటకు కలిగింది.
పంటికింద రాయితో
రోజూ అన్నం తింటున్నవాళ్ళు
నాకు చాలామందే తెలుసు.
కొన్నేళ్ళు నేనూ తిన్నాను.

టెన్షనరు వదులు చేశాను.
మళ్ళీ మొదటినుంచి.

రెండో చుట్టు చివర
కంటికంటే ముందు చేతికే తెలిసింది.
పైనా కిందా చుక్కా చుక్కా
ఎదురెదురుగా నిలబడ్డాయి.

పాత రాత చెరపలేదు.
దాని పక్కన ఇవాళ్టి తేదీ వేశాను, కిలోమీటర్లు వేశాను.
చోటు మిగిలితే
రెండోసారికి కుదిరింది అని రాశాను.
కవరు బిగించాను.

తాళం తిప్పగానే పలికింది.
వీతేనిస్ డబ్బా ఎత్తాడు.
దాని కింద, పాత వార్తాపత్రిక మీద
ఒక వాషరు.

"నాదేలే, జేబులోంచి పడుంటుంది" అన్నాడు,
నా ముఖం చూడకుండా.

నమ్మితే ఇంటికెళ్ళి పడుకోవచ్చు.

ఇంజను ఆపి, దీపం దగ్గరికి లాక్కుని
కవరు మీదికి చెయ్యి చాచాను.
మొదటిది. రెండోది.
మూడోది మెల్లగా.