పది గీతలు

ఒడ్డంతా ఉసిపా చేపలు ఎండుతున్న వాసన.
గుడ్డ ఎత్తి చూశాను.
వెజి పొట్ట ఎగిరెగిరి పడుతోంది.
నిమిషానికి యాభై ఎనిమిది.
తొమ్మిది నెలల బిడ్డకి అంత పరుగు దేనికి?

పది బిళ్ళలిచ్చాను.
చెంచాడు నీళ్ళలో వేస్తే
బిళ్ళ తనంతట తానే విచ్చుకుంది.
మొదటిది నా కళ్ళముందే పట్టించింది తివొంగే.
వెంటనే కక్కేశాడు.
మళ్ళీ కలిపాం. అది నా పెట్టెలోది, లెక్కలోది కాదు.

చదువు రాదంది.
గోడమీద బొగ్గుతో గీయమన్నాను
పొద్దు పొడిస్తే ఒకటి, పొద్దు గూకితే ఒకటి.

మూడోనాటికి జ్వరం జారిపోయింది.
వాడు పాక్కుంటూ పోయి
కోడిపిల్ల కాలు పట్టుకున్నాడట.
సరిగ్గా అప్పుడే వచ్చింది న్యాగోండ్వే.
"నీవాడు ఆడుతున్నాడుగా,
మావాడికి దగ్గు. రెండిస్తే నీ సొమ్మేం పోయింది?"
కిందటి కరువులో పిండి కొలిచిపోసిన చెయ్యి అది.
దానికి లేదని ఎలా చెప్పడం?

"ఎలుక తినేసింది" అంది తివొంగే.

ఆరోనాడు వెళ్ళాను.
తొమ్మిది గీతలు తిన్నగా ఉన్నాయి,
పదోది వంకర. వెజి చెయ్యి తగిలిందట.
ఊపిరి లెక్కపెట్టాను. ముప్ఫై నాలుగు.

గుమ్మం బయట న్యాగోండ్వే,
చంకలో కొడుకు.
"మందు తినే ఎలుకని
ఈ వయసులో ఇప్పుడే విన్నా" అంది, ఎటో చూస్తూ.
లోపల తివొంగే తల ఎత్తలేదు.

నేను చాప దులిపి పరిచాను.
గడియారం తీశాను.
వాడి చొక్కా పైకెత్తి
ఒకటి, రెండు, మూడు