హాజరు

మా ఆఫీసులో పిల్లల్ని కొనం,
రోజుల్ని కొంటాం.
రోజుకి నూట ముప్పై ఐదు పౌండ్లు, మధ్యాహ్నం తిండి కలిపి.
టాక్సీ వేరే పద్దు.

బడి వద్దన్న పిల్లలు,
బడిని వద్దన్న పిల్లలు,
కౌన్సిల్ లెక్కలో ఇద్దరిదీ ఒకే గడి.

టెండరు పిలిస్తే వస్తారు:
నాలుగు గుర్రాలున్న ఒకావిడ,
బాక్సింగు నేర్పే మాజీ సైనికుడు,
జుట్టు కత్తిరించడం నేర్పే అక్కాచెల్లెళ్ళు,
రంగుల బ్రోచరుండి షెడ్డు లేని ఒక కంపెనీ.
గడువు ఇంకో గంటలో ముగుస్తుందనగా
పెన్సిలుతో నింపిన ఫారం ఒకటి:
విల్ఫ్ ఆర్మ్‌స్టన్, పడవలు చేసేవాడు, హార్టిల్‌పూల్ రేవు.
'మీ బోధనా పద్ధతి వివరించండి' అన్నచోట
ఒక్కటే వాక్యం.
తప్పు చెక్కే చెప్తుంది, నేను చెప్పక్కర్లేదు.

మార్కులు వేసే మా ముగ్గురిలో
ఇద్దరు సున్నా వేశారు.
నేనెంత వేశానో అడక్కండి.

తనిఖీకి వెళ్ళాను.
మంటలార్పే సిలిండర్లు రెండు, సరిపోయాయి.
మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు, రాసుకున్నాను.
ప్రథమ చికిత్స పెట్టెలో గడువు తీరిన కట్టుగుడ్డ, రాసుకున్నాను.
షెడ్డు వెనకే సముద్రం,
బూడిద రంగులో,
ఏ ఫారమూ నింపకుండా.

డెక్లన్ థర్ల్‌వెల్, పద్నాలుగేళ్ళు.
ఏడు నెలల్లో అతని ఫైలు నాలుగు చేతులు మారింది.
కుర్చీ విసిరాడని మొదటి పేజీ.
ఆ పొద్దున్నే వాళ్ళమ్మని ఆంబులెన్సులో తీసుకెళ్ళారని
పదిహేడో పేజీ.
మధ్యలో ఉన్నవన్నీ మేం రాసిన ఉత్తరాలు.

మొదటి సోమవారం
టాక్సీ గేటు దాటి లోపలికొచ్చింది.
తలుపు తెరుచుకోలేదు.
నలభై నిమిషాలు చూసి వెనక్కి తిప్పింది డ్రైవరు మార్లీన్.
మంగళవారమూ అంతే.
బుధవారం అసలు రాలేదు.
గురువారం విల్ఫ్ మారుమాట లేకుండా
కారు కిటికీలోంచి ఒక చెక్కపలక లోపలికి తోసి
దాని మీద గరుకు కాగితం ముక్క పెట్టి
తన పని తను చూసుకున్నాడు.

సీటంతా చెక్కపొడి అంది మార్లీన్,
దులపడానికి అరగంట పట్టింది,
దానికి బిల్లు వెయ్యన్లే అంది.

నెలాఖరుకి ఇన్వాయిసు వచ్చింది.
ఒప్పందంలో ఆరో క్లాజు:
విద్యార్థి ఆవరణలో అడుగు పెడితేనే హాజరు.
ఆవరణలో కారుంది.
కారులో పిల్లాడున్నాడు.
పిల్లాడి పాదాలు రబ్బరు మ్యాటు మీదున్నాయి.
ఫైనాన్సు నుంచి బ్రైయొనీ ఫోను:
"గడప తొక్కాడా లేదా? ఒక్క మాట చెప్పు."

గడప ఎక్కడుంటుంది, బ్రైయొనీ?
హారన్ వినగానే మెట్లు దిగిన చోటా?
అంతకన్నా ముందు, ఎవరూ లేపకుండా లేచి
చీకట్లో రెండో సాక్సు వెతుక్కున్న చోటా?

తొక్కాడు అని రాశాను.
ఆడిట్ వాళ్ళు అడుగుతారు.
అడగనీ.

మిగతాదీ రాయకపోతే ఇది కాకిలెక్క అవుతుంది.
నవంబరులో దిగాడు, లేసులు కట్టుకోకుండా.
జనవరిలో రెండు వారాలు మళ్ళీ పత్తా లేడు.
ఫిబ్రవరిలో ఒక చేపల పడవకి
మూడో పలక బిగించాడు, వంకరగా.
సాయంత్రం దాకా దాన్నే చూస్తూ నిలబడి
తనే ఊడదీశాడు.

మార్చి ముప్పై ఒకటిన ఒప్పందం ముగుస్తుంది.
కొత్త ఫారంలో 'సాధించిన ఫలితాలు' అని ఒక గడి,
రెండు వందల అక్షరాలు మించకూడదు.
విల్ఫ్‌ది ఈసారి కూడా పెన్సిలే.
ఆ గడి మాత్రం ఖాళీ.
దానికి గుండుసూదితో గుచ్చి
చిత్రిక పట్టిన చెక్క చుట్ట ఒకటి,
మూరెడు పొడుగు,
ఎక్కడా తెగలేదు.

స్కానర్లో పెట్టాను.
మూడుసార్లు పెట్టాను.
తీసుకోలేదు.