గుండీ చప్పుడు

పుస్తకం నిన్ననే వచ్చింది. అప్పుడే
కార్నెల్ దాని వెన్ను విరిచేశాడు.
సగం కత్తిరించిన తలతో నా కుర్చీలో కూర్చుని
నూట పన్నెండో పేజీ మీద వేలు పెట్టి
"అబద్ధం" అన్నాడు.
నా కత్తెర ఆగింది.

యాంకర్స్‌లో ఫిబ్రవరి. అద్దం అవతల
చక్రాల కింద నలిగి బూడిదరంగు తిరిగిన మంచు.

కాపర్ హైడ్రంట్ అంటే మేం చెవి కోసుకునేవాళ్ళం.
వాళ్ళ తొలి క్యాసెట్ టేపు పేగుల్లా బయటికొస్తే
పెన్సిలు దూర్చి, తిప్పి తిప్పి బతికించుకున్నాం.
ఇప్పుడు ఆ ముగ్గురూ కలిసి ఒక పుస్తకం రాశారు,
ఒకరి మాట ఒకరు కొట్టేస్తూ.
ఎవరు ఎవరికి డబ్బు ఎగ్గొట్టారో ఒక అధ్యాయం,
ఎవరు ఎవరి శవపేటిక మొయ్యడానికి రాలేదో ఇంకొకటి.

నూట పన్నెండులో ఉన్నదిదీ:
రెండో ఆల్బమ్, మూడో పాట,
అడుగున టక్, టటక్, టక్ అని నడిచే ఆ దెబ్బ
డీజే టిబ్స్ తాత రికార్డు మీది గీతట.
"గీతైతే ప్రతి చుట్టుకీ ఒకే చోట పడాలిగా!
ఇది తడబడుతోంది, తాగినవాడు మెట్లెక్కినట్టు."
థర్మన్ ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళుగా
కార్నెల్ అన్నదేదీ థర్మన్ ఒప్పుకోలేదు.

తలుపు పక్కన, మనవడి వంతు కోసం
ఒడెస్సా కూర్చుని ఉంది.
వీధి చివరి లాండ్రీ ఆవిడదే, అమ్మేసేదాకా.
సంచిలో చాక్లెట్ వెతుకుతూ, తలెత్తకుండా
"అది గుండీ" అంది.

"ఇత్తడిది. మా ఆయన నేవీ కోటుది.
ఆరో నంబరు డ్రయర్‌లో తిరుగుతోంది.
ఆ పిల్లలకి స్టూడియో అద్దె ఎక్కడిది?
నా మెషీన్ల మధ్యే రికార్డు చేసుకునేవాళ్ళు, వెచ్చగా ఉంటుందని.
ముందు ఆపమని బతిమాలారు,
తర్వాత ఆపొద్దని."

థర్మన్ పాట పెట్టాడు.
బట్టీ వచ్చిన పాటే. ఈసారి మాటలు వదిలేశాం.
తడి కోటు పైకి లేచి, క్షణం ఆగి,
పడడం విన్నాం.
అంతా సద్దుమణిగాక, చివర్న
ఇన్నేళ్ళూ టేపు హోరనుకున్న చోట
ఒక ఆడగొంతు:
"పదకొండైంది, మూసేస్తున్నా."

"కోటేమైంది?" అడిగాను.
"ఆయనకే తొడిగి పంపాం. ఒక గుండీ తక్కువతో."
మనవడి దోసిట్లో చాక్లెట్ పెట్టింది.

కార్నెల్ నా జేబులో పెన్ను లాక్కున్నాడు.
పేజీ అంచున రాశాడు: ఆరో నంబరు, ఇత్తడి.
ఆవిడ ఇంటిపేరు అడిగి
అక్షరం అక్షరం చెప్పించుకున్నాడు.
పొడుగు పేరు.
అంచు చాలక
అచ్చు మీదికి ఎక్కింది.